సముద్రపు బురదలో దొరికే కొవ్వు నిచ్చెన

భిలాయిలో పవర్ హౌస్ ప్రాంతపు వీధుల్లో కురిసిన వాన ఎక్కడ తేలుతుంది? వాగులు దాటి శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో, మహానది ఒడిశా మీదుగా బంగాళాఖాతంలో. ఉక్కు ఫ్యాక్టరీ పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల సొంతూళ్లు కూడా ఆ సముద్రం వైపే.

ఆ సముద్రంలో సుమారు 100 నుంచి 400 మీటర్ల లోతున ఊపిరాడని పొర ఒకటుంది. నదులు తెచ్చిన మంచినీరు పైన మూతలా తేలి, గాలిని కిందికి కలవనివ్వదు. పైనుంచి రాలే నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేస్తుంది.

అరేబియా సముద్రంలో ఇలాంటి పొరలోనే జీవులకు అందాల్సిన నత్రజని వాయువుగా మారి పోతుంది. బంగాళాఖాతంలో ఆ నష్టం చాలా తక్కువ. 2017లో భారతీయ, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన అధ్యయనం దీనికి కారణం చెప్పింది. అక్కడి నీటిలో లీటరుకు 10 నుంచి 200 నానోమోల్ ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉంది. ఆ చిటికెడు ఆక్సిజన్‌తో కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేస్తాయి. నత్రజనిని వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు ఆ నైట్రైట్ దక్కదు.

ఇది ఈనాటి సంగతి. వేల ఏళ్ల కిందటి సంగతి చెప్పేది కొవ్వు.

అనామాక్స్ బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌తో కలిపి నత్రజని వాయువు చేస్తుంది. ఈ పనిలో మధ్యలో హైడ్రజీన్ పుడుతుంది. అది రాకెట్ ఇంధనంగా వాడే విషపదార్థం. అందుకే ఆ పనంతా కణం లోపలి ఒక అరలో జరుగుతుంది. ఆ అర గోడలోని కొవ్వు వింతైనది: నాలుగేసి కార్బన్ పరమాణువుల చతురస్రాలు పక్కపక్కనే అతుక్కుని నిచ్చెనలా ఉంటాయి. 2002లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీన్ని వెల్లడించారు. పేరు ల్యాడరేన్. దీన్ని తయారుచేసే జీవి మరొకటి తెలియదు కాబట్టి, బురదలో ఇది కనిపిస్తే అనామాక్స్ అక్కడ బతికినట్టే.

అరేబియా సముద్రపు అడుగు బురదలో 1,40,000 ఏళ్ల నాటి పొరల దాకా ఈ ఆనవాళ్లు దొరికాయి. అయితే వేడి తగిలితే నిచ్చెన విరిగిపోతుంది. అంతకన్నా పాత కాలానికి బీహెచ్‌టీ అనే మరో కొవ్వులోని ఒక ప్రత్యేక రూపాన్ని వెతుకుతున్నారు. అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

భిలాయి వాళ్లకు అమ్మోనియా కొత్త కాదు. కోక్ ఓవెన్లలో బొగ్గును గాలి తగలకుండా వేడిచేసినప్పుడు వచ్చే అమ్మోనియాను గంధకామ్లంతో పట్టి ఎరువు చేస్తారు. పొలాల ఎరువూ, ఊళ్ల మురుగూ నదుల్లో ఎక్కువైతే సముద్రంలో నాచు పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు మిగిలిన ఆ చిటికెడు ఆక్సిజన్ కూడా పోవచ్చు. మహానదికి నీళ్లు పంపే ప్రతి ఊరూ మురుగును శుద్ధి చేశాకే వదలాలి. అందులో పవర్ హౌస్ కూడా ఉంది.