ఫోన్ గుంజుకుంటే పిల్ల భద్రంగా ఉన్నట్టేనా?

పిల్లల ఆన్‌లైన్ భద్రత మీద స్కూళ్లలో జరిగే అవగాహన సదస్సుల్లో ఒక సలహా తప్పకుండా వినిపిస్తుంది. కంప్యూటర్‌ను పిల్లల గదిలో పెట్టొద్దు, హాల్లో పెట్టండి అని. హాలు, పిల్లలకో గది, కంప్యూటరు ఉన్న ఇంటికి అది మంచి సలహానే. మన వాడల్లో చాలా కుటుంబాలకు ఉన్నది ఒకటి రెండు గదులు, అందరికీ కలిపి ఒక ఫోను. ఆ ఫోను పొద్దున్నే నాన్నతో పాటు పనికి పోతుంది. రాత్రి ఆయన ఇంటికొచ్చాకే పిల్లల చేతికొస్తుంది. అన్నా చెల్లెళ్లు వంతులేసుకునే ఆ రెండు మూడు గంటల్లోనే హోంవర్కు, రీల్స్, గేములు, క్లాస్ గ్రూపులు అన్నీ జరిగిపోతాయి.

రెండో సలహా పేరెంటల్ కంట్రోల్. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి తల్లిదండ్రులకో ఫోను, పిల్లలకో ఫోను ఉంటాయన్న లెక్కతో తయారైనవి. ఒకటే ఫోనున్న ఇంట్లో ఎవరు ఎవరిని కనిపెట్టుకుని ఉండాలి? ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీన్ అకౌంట్లు తెచ్చింది. వాటిలో అకౌంట్ మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ పంపలేరు. బాగానే ఉంది. కానీ నాన్న నంబరుతో, నాన్న పుట్టిన తేదీతో తెరిచిన అకౌంటుకు ఆ రక్షణ వర్తించదు. పిల్లలు ఎక్కువగా తెరిచేది అలాంటి అకౌంట్లే.

వాడల్లో మీటింగు పెట్టి ఈ విషయం ఎత్తితే తల్లులు మాతో అనే మాట ఒకటుంది. "మాకేం తెలుస్తది సారూ, ఫోన్‌ల ఏదొచ్చినా మా బిడ్డే చదివి చెప్తది." సదస్సులు నడిపేవాళ్లు అందుకోని నిజం ఇదే. మన ఇళ్లలో పిల్లలు ఫోన్ వాడటమే కాదు, ఇంటికంతటికీ గుమస్తా పని చేస్తున్నారు. రేషన్ కార్డు ఈకేవైసీ, ఉపాధి హామీ డబ్బులు పడ్డాయా లేదా, గ్యాస్ బుకింగ్, స్కాలర్‌షిప్ స్టేటస్, బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీ అన్నీ ఎనిమిదో తరగతి పిల్ల చేతి మీదుగానే నడుస్తాయి. "మీ స్కాలర్‌షిప్ శాంక్షనైంది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసే మోసగాడికి దొరికేదీ ఆ పిల్లే. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆ లావాదేవీని ఆపించే అవకాశం ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. కానీ వారం కూలి డబ్బులు తన వల్ల పోయాయని తెలిస్తే తన్నులు తప్పవనుకున్న పిల్ల వెంటనే చెప్పదు.

ఏ కేసు విన్నా చివరికి ఇక్కడికే వస్తుంది. ఏదైనా జరిగితే పిల్ల మొదట ఎవరికి చెబుతుంది?

అమ్మాయిల ఫొటోల విషయంలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. వాట్సాప్ డీపీ నుంచో, పండక్కి పెట్టిన రీల్ నుంచో ఒక ఫొటో తీసి, దానికి వేరే ఒంటిని అతికిస్తారు. ఇప్పుడు ఏఐ యాప్‌లతో అది నిమిషాల పని. తర్వాత మెసేజ్ వస్తుంది: డబ్బు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే ఇది మీ నాన్నకు పంపిస్తా. చివరి మాట గమనించండి. పోలీసుల పేరో, ప్రిన్సిపాల్ పేరో చెప్పి కాదు, నాన్న పేరు చెప్పి బెదిరిస్తున్నాడు. తనకంటే ఇంటికే ఆ పిల్ల ఎక్కువ భయపడుతుందని వాడికి తెలుసు.

వాడి అంచనా తప్పు కాదని మన కుటుంబాలు చాలాసార్లు రుజువు చేస్తున్నాయి. విషయం తెలిసిన రోజే ఫోన్ గుంజుకుంటారు. వారంలో చదువు మాన్పిస్తారు. నెలలో సంబంధాలు చూస్తారు. ఎంట్రెన్స్ రాసి తెచ్చుకున్న గురుకులం సీటు పోతుంది. బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది 2006లో. అయినా "పరువు పోకముందే పంపించేద్దాం" అనే మాట ఆగలేదు. ఊళ్లో ఏం జరిగినా మన ఆడపిల్లల మీదే నింద వేసే సమాజంలో బతుకుతున్న తల్లిదండ్రుల భయాన్ని మేము చిన్నది చేయడం లేదు. ఆ భయానికి చరిత్ర ఉంది. కానీ బెదిరించినవాడు కేసు లేకుండా తిరుగుతుంటే, బెదిరింపుకు గురైన పిల్ల బడి పోగొట్టుకుంటోంది. దీన్ని రక్షణ అనలేం.

అందుకే తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు సెట్టింగుల కంటే ముందు ఒక మాట అడుగుదాం. ఏదీ జరగకముందే, మామూలు రోజున, అన్నం తినేటప్పుడు పిల్లతో నోరు తెరిచి ఇలా అనమని: "ఎవడన్నా ఏదన్నా పంపినా, నువ్వే తప్పు చేసినా, ముందు నాకు చెప్పు. ఫోన్ గుంజుకోను. బడి మాన్పించను." చదువు రాని తల్లి కూడా అనగల మాటే ఇది. చాలామంది తండ్రులకు మాత్రం ఇది నోట రావడమే కష్టం, అది మా మీటింగుల్లో చూస్తూనే ఉన్నాం. తండ్రి కాకపోతే అత్తో, పిన్నో, వీధిలో డిగ్రీ చదివే అక్కో, ఒక్క మనిషి ఉండాలి. మగపిల్లలకు కూడా ఈ మాట చెప్పాలి. వీడియో కాల్ రికార్డు చేసి డబ్బు గుంజే ముఠాలకు అబ్బాయిలూ దొరుకుతున్నారు, వాళ్లు సిగ్గుతో ఇంకా తక్కువ చెబుతారు.

కరపత్రాల్లో రాయని తిట్లు

ఆన్‌లైన్ భద్రత మీద ప్రభుత్వమూ కంపెనీలూ వేసే కరపత్రాల్లో అపరిచితులు ఉంటారు, హ్యాకర్లు ఉంటారు. కులం కనిపించదు. మన పిల్లలకు ఎదురయ్యేది చాలాసార్లు అపరిచితుడు కాదు, పక్క బెంచీ పిల్లవాడు. ఏప్రిల్ 14న అంబేద్కర్ ఫొటో స్టేటస్ పెడితే కింద కులం పేరుతో తిట్టు వస్తుంది. ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు క్లాస్ గ్రూపులో "కోటా" అంటూ నవ్వే ఎమోజీలు పడతాయి. పిల్ల ఇంట్లో చెబితే వచ్చే జవాబు రెండు రకాలు. పట్టించుకోకు. లేదా, అలాంటి పోస్టులు నువ్వెందుకు పెట్టావు?

రెండో జవాబు వెనకా భయమే ఉంది. 2015లో షిర్డీలో అంబేద్కర్ పాట రింగ్‌టోన్‌గా పెట్టుకున్నందుకు ఒక దళిత యువకుణ్ని చంపేశారు. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురం తగలబడినప్పుడు, కుర్రాళ్లను పోగుచేయడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర బయటికొచ్చింది. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కాబట్టి తల్లి జాగ్రత్త పడటం పిరికితనం కాదు. మా అభిప్రాయం మాత్రం ఒకటే: జై భీమ్ స్టేటస్ తీసేయమని పిల్లకు చెప్పకండి. అకౌంట్ ప్రైవేట్‌గా పెట్టుకోమనండి. స్కూల్ యూనిఫాం, ఊరి పేరు బోర్డు, రోజూ వెళ్లే దారి కనిపించే ఫొటోలు వద్దనండి. వాట్సాప్‌లో డీపీ, స్టేటస్ కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా, గ్రూపుల్లో కాంటాక్టులు మాత్రమే చేర్చగలిగేలా మార్చుకోమనండి. ఈ మూడూ ఐదు నిమిషాల పని.

ఇక చట్టం. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద బహిరంగంగా కులం పేరుతో దూషించడం, అవమానించడం నేరం. ఆన్‌లైన్ బహిరంగ స్థలమా కాదా అనే పేచీ పోలీస్ స్టేషన్‌లో తప్పక వస్తుంది. ఒక యూట్యూబ్ వీడియో కేసులో 2022లో కేరళ హైకోర్టు దీనికి సమాధానం చెప్పింది. ఇంటర్నెట్‌లో పెట్టిన దూషణను ఎవరు ఎప్పుడు చూసినా బాధితురాలు అక్కడ ఉన్నట్టే లెక్క అని చెబుతూ నిందితుడికి ముందస్తు బెయిల్ నిరాకరించింది. పబ్లిక్ పోస్టులు, కామెంట్ల విషయంలో ఇది మన చేతిలో ఉండాల్సిన తీర్పు. ఒకరికొకరు పంపుకునే వ్యక్తిగత మెసేజ్‌లో మాత్రం ఈ సెక్షన్లు నిలబడటం కష్టం. నాలుగు గోడల మధ్య జరిగింది బహిరంగం కాదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. ఇది తెలియకుండా అన్నిటికీ అదే సెక్షన్ పెట్టమని పట్టుబడితే కేసు బలహీనపడుతుంది.

ఫొటోల బెదిరింపుకు పోక్సో ఉంది. ఆ చట్టం సెక్షన్ 11 ప్రకారం పిల్లల శరీర భాగాల చిత్రాన్ని, అది నిజమైనదైనా కల్పించినదైనా, మీడియాలో వాడతానని బెదిరించడమే నేరం. అంటే మార్ఫింగ్ ఫొటో కదా, ఆమెది కాదు కదా అనే వాదన చెల్లదు. చిత్రం బయటికి వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది. హాస్టల్ వార్డెనో, హెడ్మాస్టరో "మనలో మనం సర్దుకుందాం" అంటే వాళ్లే సెక్షన్ 21 కింద దోషులవుతారు. ఈ ఒక్క సెక్షన్ గుర్తుచేస్తే చాలు, రాజీ మాటలు ఆగుతాయి.

తిట్టింది తోటి విద్యార్థే అయితే? పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. ప్రతి కామెంటుకూ ఒక పిల్లవాణ్ని బోర్డు ముందు నిలబెట్టాలని మేము అనడం లేదు. కానీ హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, తల్లిదండ్రులను పిలిపించాలి. "పిల్లల గొడవ" అని నోటి మాటతో వదిలేస్తే, తన కులాన్ని తిట్టడం బడికి పెద్ద విషయం కాదని మన పిల్ల నేర్చుకుంటుంది.

స్టేషన్‌కు వెళ్లేముందు

సాక్ష్యం ముఖ్యం. భయంతో చాట్ మొత్తం డిలీట్ చేసి వస్తారు, అక్కడే సగం కేసు పోతుంది. స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, పంపినవాడి నంబరు లేదా ప్రొఫైల్ పేరు కనిపించాలి. ప్రొఫైల్ లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే పేరు రేపు మార్చేస్తాడు. ఇదంతా భద్రపరిచాకే బ్లాక్ చేయాలి. డబ్బు మాత్రం పంపొద్దు, ఒకసారి పంపితే రెండోసారి అడుగుతాడు.

నగ్న చిత్రాల విషయంలో పద్ధతి వేరు. వాటిని స్క్రీన్‌షాట్ తీసి సంఘం గ్రూపులో వేయడం, "సాక్ష్యం కోసం" నలుగురికి ఫార్వర్డ్ చేయడం మనమే నేరం చేసినట్టవుతుంది. పిల్లల లైంగిక చిత్రాల మీద 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో చాలా కఠినంగా ఉంది. ఆ ఫోన్ ఉన్నదున్నట్టు పోలీసుల దగ్గరికి తీసుకెళ్లాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగిన నేరాలను పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. చిత్రం పాకకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోన్ దాటి బయటికి పోదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది, ఆ సేవలో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలు దాన్ని బట్టి వెతికి తీసేస్తాయి. వాట్సాప్‌లో వ్యక్తిగతంగా పంపుకునేవాటికి ఇది పనిచేయదు.

స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు, సైబర్ సెల్‌కు పోండి" అంటారు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకునే హక్కు ఉంది. అట్రాసిటీ సెక్షన్లున్న కేసులో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణలో వచ్చిన 18ఏ చెబుతోంది. ఆ సవరణ ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత వచ్చిందని మన పాఠకులకు గుర్తుచేయనక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే లేదా ఆమె కోరుకున్న చోట, యూనిఫాం లేకుండా, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి. రాత్రి స్టేషన్‌లో కూర్చోబెట్టకూడదు. ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇవ్వాలి. అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇక మన వైపు జరిగే తప్పు ఒకటి చెప్పుకోవాలి. దారుణం జరిగిన సాయంత్రానికే న్యాయం కావాలంటూ పిల్ల ఫొటోతో పోస్టర్ తయారవుతుంది. పోక్సో సెక్షన్ 23 పిల్ల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. చనిపోయినవాళ్ల విషయంలో కూడా పేరు చెప్పకూడదని 2018లో సుప్రీంకోర్టు అంది. 2021 ఆగస్టులో ఢిల్లీలో ఒక దళిత బాలిక మరణం తర్వాత ఆమె తల్లిదండ్రులతో ఉన్న ఫొటోను రాహుల్ గాంధీ ట్వీట్ చేస్తే ట్విట్టర్ దాన్ని తొలగించి, అకౌంటును కొన్ని రోజులు ఆపేసింది. పార్టీ సంగతి పక్కన పెడితే, తల్లిదండ్రుల మొహాలు కనిపించినా పిల్ల గుర్తింపు బయటపడ్డట్టే. బతికున్న పిల్లకైతే ఆ పోస్టర్ పదేళ్ల తర్వాత కూడా గూగుల్‌లో దొరుకుతుంది, ఉద్యోగానికి వెళ్లిన చోట కూడా.

వేసవి సెలవులకు ముందు సంఘాలు చేయదగ్గ పని ఒకటుంది. గురుకులాల పిల్లలకు ఏడాదంతా చేతిలో ఫోను ఉండదు, సెలవుల్లో ఇంటికి రాగానే రోజంతా అదే చేతిలో ఉంటుంది. డిగ్రీ, పీజీ చదివే మన విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసి ఏప్రిల్ చివరి వారంలో వాడలో ఒక సాయంత్రం కూర్చోవచ్చు. తల్లులు పని నుంచి వచ్చాక, ఏడున్నర తర్వాత. ప్రొజెక్టర్ వద్దు. ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చుకుంటే, పిల్లల చేతే ఆ సెట్టింగులు మార్పించి, వాళ్ల చేతే అమ్మకు చూపించండి.