3.4 ఒకే ప్రాపర్టీ, నాలుగు చోట్లు

కోట్లిన్‌లో ఒక ప్రాపర్టీని ఒకే పంక్తిలో రాయవచ్చని గత విభాగంలో తెలుసుకున్నారు. ఆ పంక్తి జావా లైబ్రరీకి ఎలా కనబడుతుందో ఇప్పుడు చూద్దాం. (అండమాన్‌లో ఉండి చదివేవారికి ఒక మాట: కోట్లిన్ రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి దీవి. జావా కూడా దీవే, కాని భాషకు ఆ పేరు కాఫీ ద్వారా వచ్చింది.)

పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురంగా పేరు మారింది) నుండి కార్ నికోబార్ వెళ్ళే ఓడకు ప్రయాణికుల జాబితా తయారుచేసే ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో ఇలా రాశారు:

@నాట్‌బ్లాంక్ వార్ నేమ్: స్ట్రింగ్

(కోడును ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. మీరు ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి.)

పేరు ఖాళీగా ఉంటే తిరస్కరించమని జావా వాలిడేషన్ లైబ్రరీకి చెప్పినట్లే కదా! అయినా ఖాళీ పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఎర్రర్ సందేశమేదీ రాదు. ఓడ సముద్రం మీద ఉండగా ఎవరెవరు ఎక్కారో చూడవలసివస్తే, ఆ వరుసలో మనిషి ఉంటాడు, పేరు ఉండదు.

ఎందుకిలా జరిగింది? కంపైలర్ ఆ ఒక్క పంక్తినుండి నాలుగింటిని తయారుచేస్తుంది: కన్‌స్ట్రక్టర్ పారామీటరు, ప్రైవేటు ఫీల్డు, విలువను చదివే గెటర్, విలువను మార్చే సెటర్. అనోటేషన్ దేనికి చెందాలో మీరు చెప్పలేదు. కోట్లిన్ చాలాకాలం పాటించిన నియమం ప్రకారం అది పారామీటరుకే అంటుకుంటుంది. లైబ్రరీ మాత్రం తయారైన ఆబ్జెక్టును పరీక్షించేటప్పుడు ఫీల్డునూ గెటర్‌నూ చూస్తుంది. అక్కడ దానికి ఏమీ కనబడదు. కాబట్టి చోటు చెప్పండి:

@ఫీల్డ్:నాట్‌బ్లాంక్ వార్ నేమ్: స్ట్రింగ్

2025లో వచ్చిన 2.2 వెర్షన్ ఈ నియమాన్ని మార్చుకొనే వీలు కల్పించింది. అయినా చోటు రాయడమే మేలు. మీ తరువాత ఆ కోడు చదివేవారికి వెతుకులాట తప్పుతుంది.

రెండవ చిక్కు కనీసం నోరు విప్పుతుంది. జావా కోడులో నేరుగా ‘.నేమ్’ అని రాస్తే, ఫీల్డు ప్రైవేటు గనుక కంపైలర్ ఒప్పుకోదు. ‘గెట్‌నేమ్()’ అని పిలవాలి. ఫీల్డునే బయటపెట్టాలంటే @జెవిఎమ్‌ఫీల్డ్ ఉంది. కాని అప్పుడు గెటర్, సెటర్ తయారుకావు. వాటిమీద ఆధారపడిన మరో లైబ్రరీ ఉంటే అక్కడ కొత్త ఎర్రర్ మొదలవుతుంది. జెయూనిట్ 4లో ‘రూల్ పబ్లిక్‌గా ఉండాలి’ అనే ఎర్రర్‌కు మూలం కూడా ఈ ప్రైవేటు ఫీల్డే. @గెట్:రూల్ అని రాస్తే సరిపోతుంది.

పాఠగత ప్రశ్న 3.4

పై క్లాసులో ‘వాల్ ఏజ్: ఇంట్’ అని చేర్చారు. జావా నుండి ‘సెట్‌ఏజ్(40)’ అని పిలిస్తే ఏమవుతుంది? ఎందుకు?