దూది నూగు మధ్య చప్పుడు లేని ఫ్యాన్

ప్రాసెసర్ కూలర్లను పరీక్షించి మార్కులు వేసేవాళ్లు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో కూర్చుని ఆ పని చేస్తారు. మే నెలలో మార్టూరులో అలాంటి గది కావాలంటే ఏసీ ఉండాల్సిందే. ఏసీ లేని షాపులో మధ్యాహ్నానికి 40 దాటడం ఇక్కడ వింతేమీ కాదు. దానికి తోడు ఊరి మీదుగా చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, ఆ దారిలో చిలకలూరిపేట వైపు జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు, ఊరి చుట్టూ బల్లికురవ రాయిని కోసి పాలిష్ పట్టే గ్రానైట్ యూనిట్లు. గాలిలో ఎండ, దూది నూగు, రాతిపొడి మూడూ కలిసే చోటు ఇది. గ్రానైట్ ఆఫీసులో బిల్లులు కొట్టే కంప్యూటరైనా, స్టూడియోలో పెళ్లి వీడియో ఎడిట్ చేసే కంప్యూటరైనా పీల్చేది ఆ గాలినే.

ముందు వేడి లెక్క చూద్దాం. గాలితో పనిచేసే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది గాలికన్నా చల్లగా ఉంచలేదు. గదికన్నా ఎన్ని డిగ్రీలు పైన ఆపగలదన్నదే దాని సత్తా. దీన్ని వాటుకు ఇన్ని డిగ్రీలని కొలుస్తారు, ఉష్ణ నిరోధం అంటారు. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్‌నే తీసుకోండి. నిదానంగా 65 వాట్ల మీద నడుస్తుంది, జోరు పెంచితే 117 వాట్ల దాకా తీసుకోవడానికి దానికి అనుమతి ఉంది. పెట్టెలో దాంతోపాటు వచ్చే చిన్న కూలర్ నిరోధం వాటుకు 0.45 డిగ్రీలు అనుకుందాం. 117 వాట్లకు 53 డిగ్రీలు పెరుగుతుంది. గది 25 డిగ్రీలుంటే ప్రాసెసర్ 78 దగ్గర ఆగుతుంది, ఇబ్బంది లేదు. అదే గది 42 ఉంటే 95. క్యాబినెట్ లోపలి గాలి బయటికన్నా మరో ఐదు డిగ్రీలు వేడిగా ఉంటుంది కాబట్టి, నేరుగా 100. ఆ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు సరిగ్గా అదే. హద్దు తగలగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాలిపోదు గానీ, డబ్బు పోసి కొన్న వేగం ఎండాకాలం నాలుగు నెలలూ చేతికి రాదు. ఫ్యాన్ మాత్రం పూర్తి వేగంతో అరుస్తూనే ఉంటుంది.

నిరోధం 0.25 ఉన్న టవర్ కూలర్ పెడితే అదే మధ్యాహ్నం అదే ప్రాసెసర్ 76 దగ్గర నిలుస్తుంది.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది? వేడి పుట్టే సిలికాన్ ముక్క గోరంత ఉంటుంది. ఆ వేడిని వేల చదరపు సెంటీమీటర్ల రేకుల మీదికి పరచాలి. వేడి టీని పళ్లెంలో పోసుకుని చల్లార్చుకునే లెక్కే ఇది. అయితే రాగి ముద్దలోంచి, అల్యూమినియం ముద్దలోంచి వేడి అంత దూరం త్వరగా పాకదు. అందుకే టవర్ కూలర్లలో హీట్ పైపులు పెడతారు. చూడటానికి రాగి కడ్డీల్లా ఉన్నా ఇవి బోలు గొట్టాలు. లోపలి గాలి తీసేసి, చాలా కొద్దిగా నీళ్లు పోసి, మూతి మూసేస్తారు. గాలి లేదు కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ప్రాసెసర్ వైపు ఆవిరై, రేకుల వైపు వెళ్లి మళ్లీ నీరై, గొట్టం లోపలి గోడకున్న సన్నటి రాగి పొర గుండా వెనక్కి పాకుతుంది. ఒక పైపు 60 వాట్లు మోయాలంటే సెకనుకు గ్రాములో నలభయ్యో వంతు నీరు ఆవిరైతే చాలు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించాడు. అది ఇప్పుడు మూడు వేల రూపాయల లోపు కూలర్లలో కూడా దొరుకుతోంది. గోరంత చోటునుంచి వేడిని ఎలా లాగాలన్న ఈ ప్రశ్న మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఉంది. దాన్ని మొదలుపెట్టి నడిపించిన సురేష్ గరిమెళ్ల ఐఐటీ మద్రాసు విద్యార్థి, ఇప్పుడు అరిజోనా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు.

ఇక చప్పుడు. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలీ సగమవుతుంది, కానీ చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. కాబట్టి చిన్న ఫ్యాన్‌ని గిరగిరా తిప్పేకన్నా పెద్ద ఫ్యాన్‌ని నెమ్మదిగా తిప్పడమే మేలు. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో పోలిస్తే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వైశాల్యం రెండుంపావు రెట్లు. చప్పుడు తీరు కూడా మారుతుంది. ఏడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే సెకనుకు 330 సార్లకు దగ్గరగా కంపించే ఈల వస్తుంది. 1,200 చుట్లకు దించితే అది 140కి దిగుతుంది. ఆ తక్కువ స్థాయి శబ్దం మన చెవికి పెద్దగా ఆనదు, సీలింగ్ ఫ్యాన్ హోరులో కలిసిపోతుంది.

ఇంతవరకు ఏ ఊరికైనా ఒకటే. దూది వచ్చాక లెక్క మారుతుంది. మిల్లు దారిలో ఏడాది నడిచిన కంప్యూటర్ తెరిచి, కూలర్ మీది ఫ్యాన్ ఊడదీసి చూడండి. రేకుల ముందు అంచు మీద బూడిదరంగు గుడ్డముక్కలాంటి పొర ఉంటుంది. గోటితో గీరితే ముక్కలవదు, చాపలా మొత్తంగా లేచొస్తుంది. దాని వెనక రేకుల సందులు మాత్రం శుభ్రంగా, తళతళలాడుతూ ఉంటాయి. కారణం తేలికే. రేకుల మధ్య సందు రెండు మిల్లీమీటర్లు, దూది పోగు అంతకన్నా చాలా పొడవు. అది సందులోకి దూరలేక రెండు రేకులకూ అడ్డంగా పడుతుంది. ఒక పోగు ఆగితే దాని మీద ఇంకోటి, వాటి మీద రాతిపొడి, మిరప కల్లాల నుంచి ఎగిరే ఎర్రటి పొడి. గదిలో పెట్టే ఎయిర్ కూలర్ తడిగాలి తగిలితే ఆ పొర ఇంకా బిగుసుకుంటుంది.

ఈ పొరను దాటి గాలి వెళ్లాలంటే ఒత్తిడి కావాలి. ఫ్యాన్ వేగం సగమైతే అది పుట్టించే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే చప్పుడు తక్కువని మనం ఏరికోరి తెచ్చుకున్న నెమ్మది ఫ్యానే దూది ముందు అన్నిటికన్నా ముందుగా ఓడిపోతుంది. 100 వాట్ల వేడిని, గాలి ఐదు డిగ్రీలకు మించి వేడెక్కకుండా మోసుకుపోవాలంటే సెకనుకు 17 లీటర్లకు పైగా గాలి కావాలి. పొర అడ్డుపడితే అందులో సగమూ దాటదు. మన ప్రాంతంలో చప్పుడు సమస్యలో సగానికి సగం దుమ్ము సమస్యేనని నేను గట్టిగా అనేది అందుకే.

అందుకని రేకులు ఒత్తుగా పేర్చిన కూలర్ ఎంత గొప్పదైనా ఇక్కడికి వద్దంటాను. రేకుల మధ్య రెండు మిల్లీమీటర్లకు తగ్గని ఎడం, నాలుగైదు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, ఆ ఫ్యాన్ స్క్రూ తిప్పకుండా తీగ క్లిప్పుతో ఊడివచ్చేలా ఉండటం — ఇవి చూసుకుంటే సాధారణ ప్రాసెసర్లకు చాలు. పైపులు, ఫ్యాన్ వరకైతే డీప్‌కూల్ ఏకే400 ఈ కోవదే, ఎత్తు 155 మిల్లీమీటర్లు. ఆస్ట్రియా కంపెనీ నోక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ 158, చాలా ఖరీదు. అదే కంపెనీ రెండు టవర్ల ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165, సన్నటి పాత క్యాబినెట్లలో తలుపు మూతపడదు. కొనేముందు మదర్‌బోర్డు నుంచి తలుపు దాకా స్కేలు పెట్టి కొలుచుకోవాలి. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కూడా చూసుకోవాలి, ఎల్‌జీఏ1700 సాకెట్ ఉన్న బోర్డుల్లో కూలర్ బిగించే రంధ్రాలు అంతకు ముందు బోర్డులకన్నా ఎడంగా ఉంటాయి. నీళ్లతో చల్లబరిచే కూలర్లు ఇక్కడికి నప్పవు. వాటి రేడియేటర్ రేకులు టవర్‌కన్నా ఒత్తుగా ఉంటాయి, పంపు పోతే మొత్తం మార్చాలి.

దూదిని కూలర్ దాకా రానివ్వకుండా క్యాబినెట్ ముందే ఆపితే పని తేలికవుతుంది. గాలి లోపలికి వచ్చే చోట నైలాన్ జాలీ పెట్టాలి, బయటికి తోసే ఫ్యాన్లకన్నా లోపలికి లాగే ఫ్యాన్ల జోరు ఎక్కువ ఉండాలి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము జాలీ దగ్గరే చిక్కుతుంది. ఆ జాలీ చేత్తో లాగితే వచ్చేలా ఉండాలి. స్క్రూలు విప్పాల్సిన జాలీని ఎవరూ కడగరు. పత్తి సీజన్లో వారం వారం కడిగినా ఎక్కువేం కాదు.

అసలు వేడినే తగ్గించే దారి కూడా ఉంది, దానికి ఖర్చు లేదు. బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల్లో, వాట్ల హద్దును 117 నుంచి 65కి దించవచ్చు. ఏఎండీ ప్రాసెసర్లలో ఎకో మోడ్ చేసేది ఇలాంటి పనే. చివరి కాస్త వేగం కోసం వోల్టేజీ పెంచాల్సి వస్తుంది, వేడి ఆ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల వాట్లు సగానికి దగ్గరగా తగ్గినా పని అంతగా తగ్గదు. బిల్లులు, అకౌంట్ల పనికైతే తేడా తెలియనే తెలియదు.

ఫ్యాన్ మాటిమాటికీ లేచి పడుతుంటే దానికీ అక్కడే మందు ఉంది. సిలికాన్ ముక్క సెకనులో ఇరవై డిగ్రీలు ఎక్కగలదు. అర కిలో అల్యూమినియం రేకులు మాత్రం 60 వాట్లకు ఒక్క డిగ్రీ ఎక్కడానికి ఏడు సెకన్లు తీసుకుంటాయి. ఫ్యాన్ చల్లార్చాల్సింది ఆ రేకుల్ని. ప్రాసెసర్ ఉలిక్కిపడిన ప్రతిసారీ ఫ్యాన్ పరుగెత్తనక్కర్లేదు. వేగం మార్చేముందు కొన్ని సెకన్లు ఆగమని బయాస్‌లో పెడితే చాలు. స్థిరమైన హోరు చెవికి అలవాటైపోతుంది, ఎక్కుతూ దిగుతూ ఉండేదే విసిగిస్తుంది.

బిగించేటప్పుడు ప్రాసెసర్ మీద పేస్ట్ శనగగింజంత చాలు. రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్లో గాలి ఉంటుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని మోసేది 15 వేల వంతుల్లో ఒక్క వంతు. పేస్ట్ పని ఆ గాలిని తప్పించడం వరకే, మందంగా పూస్తే అదే అడ్డవుతుంది. స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించాలి. పెట్టెతో వచ్చే ఇంటెల్ కూలర్‌కైతే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. రెండుమూడు సార్లు ఊడదీసి పెట్టాక అందులో ఒకటి వదులవుతుంది, కూలర్ ఒక మూల లేస్తుంది. కొత్త ఫ్యాన్ కొనేముందు ఆ పిన్నుల్ని వేలితో కదిపి చూడండి.

బ్లోయర్‌తో దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ తట్టుకోలేనంత వేగంగా తిరిగి బేరింగు పోతుంది, ఆ తర్వాత ఎంత మంచి ఫ్యానైనా గరగరమంటుంది. దూది పొరను మాత్రం బ్లోయర్ కొట్టకముందే చేత్తో లాగేయాలి, లేకపోతే ముక్కలై రేకుల లోపలికి పోతుంది. ఈ పని ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. మిరప కల్లాల పక్కన నడిచిన కంప్యూటరైతే కళ్లకు అద్దాలు కూడా పెట్టుకోండి.