కుళాయికి గట్టిన గార

సింగరేణి గనుల సీమలోని మా జైపూరున బోరునీరు వాడు ఇండ్లలో కుళాయి మూతికి తెల్లని గార గట్టుట విద్యార్థులెఱిగినదే. వాననీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాళ్లలోని సున్నమును కరగించుకొని వచ్చును. కుళాయికొనను నీరాఱగా సున్నము రాయివలె మిగులును. మేము తరగతిలో ఆ గారపెచ్చుపై నిమ్మరసము వేసి చూపితిమి, బుడగలు పొంగెను. అవి బొగ్గుపులుసు వాయువే.

గారను కత్తితో గీకరాదు; కుళాయిపూత చెడును. నానిన చింతపండు గుజ్జును గుడ్డకు పూసి, మూతికి చుట్టి, అరగంట యుంచి, తోమి కడుగవలెను. ఎక్కువసేపుంచిన పూతకు హాని.

తల్లిదండ్రులకు ముఖ్యమైన మనవి: పులుపును బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. క్లోరిను అను విషవాయువు వెలువడి ఊపిరితిత్తులను చెఱచును. కుళాయి మెఱపుకన్న బిడ్డల ప్రాణము మిన్న.