వెండి గోలు కొట్టినవాడు మూడో డివిజన్‌కి ఎందుకు వెళ్లాడు

2004లో గ్రీసు యూరో కప్పు ఎగరేసుకుపోయిందన్న సంగతి ఫుట్‌బాల్ అంతగా చూడనివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. ఆ జట్టు అంటే చాలామందికి ఫైనల్లో పోర్చుగల్ మీద గోలు కొట్టిన కరిస్టేయాస్ గుర్తొస్తాడు, లేదంటే జర్మన్ కోచ్ ఒట్టో రెహాగెల్ గుర్తొస్తాడు. నాకు మాత్రం సెమీఫైనల్లో గోలు కొట్టిన డిఫెండర్ ట్రయానోస్ డెల్లాస్ కథే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. ఆ గోలు గొప్పది కాబట్టి కాదు. తొమ్మిదేళ్ల తర్వాత అతను ఒప్పుకున్న ఉద్యోగం అలాంటిది.

డెల్లాస్ 1976లో థెస్సలోనికిలో పుట్టాడు. అక్కడి ఆరిస్ క్లబ్బులో ఆట నేర్చుకున్నాడు. మనిషి ఆరున్నర అడుగులకు కాస్త తక్కువ. 1997లో ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యునైటెడ్‌కి వెళ్లాడు. అప్పుడది రెండో అంచెలో ఆడే జట్టు. రెండేళ్లకు గ్రీసు తిరిగొచ్చి ఏథెన్స్‌లోని ఏఈకేలో చేరి, 2000లో గ్రీక్ కప్పు గెలిచాడు. అక్కడి నుంచి ఇటలీకి వెళ్లి ముందు పెరూజాకు, తర్వాత ఫాబియో కాపెల్లో నడిపిస్తున్న రోమాకు ఆడాడు. రోమాలో గాయాలు అతన్ని తరచూ బయట కూర్చోబెట్టాయి. పెద్ద క్లబ్బులో ఉన్నాడే కానీ, అక్కడ పెద్ద ఆటగాడు అనిపించుకోలేదు. ఆ గుర్తింపు దేశం జెర్సీలో వచ్చింది.

ఆ జట్టు ఏ స్థితి నుంచి వచ్చిందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. 1994 ప్రపంచ కప్పులో గ్రీసు మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ ఓడింది. పది గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేకపోయింది. 2001లో రెహాగెల్ వచ్చాక మొదటి మ్యాచ్‌లోనే ఫిన్లండ్ 5-1తో చితక్కొట్టింది. 2004 వరకు ఏ పెద్ద టోర్నీ ప్రధాన పోటీల్లోనూ గ్రీసు ఒక్క మ్యాచ్ గెలిచి ఎరగదు. అలాంటి జట్టును తీసుకుని రెహాగెల్ అప్పటికే పాతబడిపోయిందని అందరూ పక్కన పెట్టిన పద్ధతి పట్టుకున్నాడు. ప్రత్యర్థి దాడి చేసేవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక డిఫెండర్‌ని అంటగట్టాడు. వాళ్లు ఎటు పోతే ఇతనూ అటే. ఈ కాపలాదారుల వెనక, ఎవరినీ వెంటాడకుండా, జారిపోయిన బంతిని తుడిచిపెట్టడానికి ఇంకొకడు. ఇతన్ని స్వీపర్ అంటారు. ఆ పని డెల్లాస్‌ది. అతను వేగంగా పరిగెత్తే మనిషి కాదు, కానీ బంతి ఎక్కడికి రాబోతోందో ముందే పసిగట్టేవాడు. స్వీపర్‌కి కావలసింది అదే. ఈ మనిషిని చూసి రెహాగెల్ రోడ్స్ ద్వీపపు మహావిగ్రహం పేరుతో పిలిచాడు.

2004 జులై 1న పోర్టోలో చెక్ రిపబ్లిక్‌తో సెమీఫైనల్. చెక్ జట్టు అప్పటిదాకా నాలుగు మ్యాచ్‌లూ గెలిచి పది గోల్స్ కొట్టింది. అందులో ఐదు మిలాన్ బారోష్‌వే. గ్రీసు డిఫెండర్ సైటరిడిస్ బారోష్‌ను అంటిపెట్టుకున్నాడు. రెండు మీటర్లకు పైగా ఎత్తున్న యాన్ కోలర్‌ను కాప్సిస్ పట్టుకున్నాడు. ఆట మొదలైన కాసేపటికే రొసిత్స్కీ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కొచ్చింది. మొదటి సగం ముగియకముందే పావెల్ నెద్వెద్ మోకాలి దెబ్బతో బయటికి నడిచాడు. 90 నిమిషాలు గడిచినా గోలు లేదు. మన దగ్గర అప్పటికి రెండు దాటిపోయింది. మేలుకుని చూస్తున్నవాళ్లలో సగం మంది పెనాల్టీ షూటౌట్ కోసం ఎదురుచూస్తూ ఉండి ఉంటారు.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పుకోవాలి. అంతకు ముందు ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు గోలు కొడితే వాళ్లే విజేత, ఆట అక్కడికక్కడే ఆగిపోయేది. అది గోల్డెన్ గోల్. 1996, 2000 యూరో ఫైనల్స్ రెండూ అలాగే తేలాయి. ఓడినవాడికి బదులు తీర్చుకునే అవకాశమే లేకపోవడం క్రూరమని విమర్శలు వచ్చాయి. దాంతో యూరప్ సమాఖ్య ఒక మధ్యేమార్గం వెతికింది. గోలు పడగానే ఆట ఆపరు. ఎక్స్‌ట్రా టైమ్ మొదటి 15 నిమిషాలు పూర్తయ్యేదాకా ఆడనిస్తారు. అప్పటికి ఎవరైనా ముందుంటే మ్యాచ్ ముగిసినట్టే. సమానంగా ఉంటే ఇంకో 15 నిమిషాలు. ఇదీ సిల్వర్ గోల్. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. గోలు మూడో నిమిషంలో పడితే ప్రత్యర్థికి పన్నెండు నిమిషాల గడువు. మరి పదిహేనో నిమిషం దాటాక పడితే?

సరిగ్గా అదే జరిగింది. మొదటి 15 నిమిషాలు అయిపోయి అదనపు సమయం నడుస్తుండగా కుడివైపు నుంచి త్సియార్టాస్ కార్నర్ కొట్టాడు. దగ్గరి స్తంభం వైపు దూసుకొచ్చిన డెల్లాస్ తలతో లోపలికి నెట్టాడు. బంతి వలలో పడేసరికి గడువు తీరిపోయింది. రెఫరీ కొలీనా ఈల ఊదేశాడు. దయ చూపించడానికి పెట్టిన నిబంధన చెక్ జట్టుకి గోల్డెన్ గోల్ కన్నా క్రూరంగా తగిలింది. చిత్రం ఏమిటంటే, గోల్డెన్, సిల్వర్ గోల్స్ రెండింటినీ ఫుట్‌బాల్ నియమావళి నుంచి తీసేయాలన్న నిర్ణయం అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజు నుంచే, 2004 జులై 1 నుంచి. టోర్నీ ముందే మొదలైంది కాబట్టి పాత నిబంధనతోనే నడిచింది. పెద్ద టోర్నీల్లో మ్యాచ్‌ను తేల్చిన సిల్వర్ గోల్ చరిత్రలో అదొక్కటే. డెల్లాస్ తన దేశానికి 53 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన గోలూ అదొక్కటే.

మూడు రోజుల తర్వాత గ్రీసు కప్పు గెలిచింది. నాకౌట్‌లో ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్, మూడు మ్యాచ్‌లూ 1-0, మూడూ తలతో కొట్టిన గోల్సే. ఆ టోర్నీ ఉత్తమ జట్టులో డెల్లాస్ పేరు ఉంది. ఆ గెలుపు అందాన్ని చంపిందని విసుక్కున్న వ్యాసకర్తలు కూడా చాలామందే. అది సరైన ఫిర్యాదని నేననుకోను. బలహీనుడు బలవంతుణ్ని ఎదుర్కొనేటప్పుడు తన గోడ తాను కట్టుకోవడం కూడా ఒక విద్యే. డెల్లాస్ ఆ విద్యలో ఆరితేరినవాడని మాత్రం గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అవసరం.

2005లో అతను ఏఈకేకి తిరిగొచ్చాడు. క్లబ్బు అప్పటికే ఒకసారి అప్పుల అంచు దాకా వెళ్లొచ్చింది. దాన్ని నిలబెట్టడానికి ముందుకొచ్చి అధ్యక్షుడైన డెమిస్ నికొలాయిడిస్, 2004 జట్టులో డెల్లాస్ సహచరుడే. తర్వాత డెల్లాస్ సైప్రస్‌లోని అనార్తోసిస్‌కి వెళ్లాడు. 2008లో చాంపియన్స్ లీగ్ గ్రూపు దశకు చేరిన మొట్టమొదటి సైప్రస్ క్లబ్బు అది. 2010లో మళ్లీ ఏఈకే, 2011లో మళ్లీ గ్రీక్ కప్పు, 2012లో విరమణ. ఇంతవరకు ఒక మంచి డిఫెండర్ జీవితం.

ఏఈకే అంటే గ్రీసు వాళ్లకు ఒట్టి క్లబ్బు కాదు. 1924లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిన కాందిశీకులు పెట్టుకున్న సంఘం అది. పసుపు, నలుపు రంగులు, రెండు తలల గద్ద గుర్తు, అన్నీ పోగొట్టుకున్న ఆ నగరం జ్ఞాపకాలే. 1959లో జాతీయ లీగ్ మొదలైనప్పటి నుంచి ఏఈకే ఒక్కసారి కూడా కింది అంచెకు పడిపోలేదు. అలాంటిది దేశమంతా ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయిన ఆ సంవత్సరాల్లో క్లబ్బు ఆటగాళ్లను అమ్ముకుంటూ, జీతాలు బకాయి పడుతూ, చివరికి కుర్రాళ్లతో జట్టు నింపుకునే స్థితికి వచ్చింది. 2013 ఏప్రిల్‌లో, లీగ్‌లో ఇంకా రెండే మ్యాచ్‌లు మిగిలి ఉండగా, కోచ్‌ని తీసేసి డెల్లాస్‌ని పిలిచారు. ఏ క్లబ్బులోనూ ప్రధాన కోచ్‌గా చేసిన అనుభవం లేదు.

మొదటి మ్యాచ్ ఏప్రిల్ 14న పాంత్రాకికోస్‌తో. ఇంకా కొద్ది నిమిషాల ఆట ఉందనగా ఏఈకే డిఫెండరే బంతిని పొరపాటున తన వలలోకి కొట్టాడు. అభిమానులు కంచె దూకి మైదానంలోకి వచ్చేశారు. ఆటగాళ్లు ప్రాణాలరచేత పెట్టుకుని లోపలికి పరిగెత్తారు. మ్యాచ్ ఆగిపోయింది. దాన్ని 3-0తో ప్రత్యర్థికి ఇచ్చేసి, ఏఈకేకి 3 పాయింట్లు కోసేశారు. క్లబ్బు చరిత్రలో మొదటిసారి కింది అంచెకు దిగింది.

లెక్క ప్రకారం వెళ్లాల్సింది రెండో డివిజన్‌కి. వెళ్లింది మూడో డివిజన్‌కి, అదీ కావాలని. ఎందుకో అర్థం కావాలంటే గ్రీసులో క్లబ్బులు ఎలా నడుస్తాయో చూడాలి. అక్కడ పేరు, గుర్తు, రంగులు అన్నీ తల్లి క్రీడా సంఘానివి. వృత్తి ఫుట్‌బాల్ జట్టును మాత్రం ఒక కంపెనీ నడుపుతుంది. పొలం ఒకరిది, కౌలు ఇంకొకరిది అనుకోండి. అప్పులు చేసింది కౌలుదారు కంపెనీ. అది దివాలా తీస్తే తల్లి సంఘం తన పేరుతోనే కొత్త జట్టు పెట్టుకోవచ్చు. కాకపోతే అప్పటికి అమెచ్యూర్ పోటీగా ఉన్న మూడో డివిజన్‌ నుంచి మొదలుపెట్టాలి. అప్పులు పాత కంపెనీతోనే ఉండిపోతాయి. పన్ను శాఖ, జీతాలు రాని ఆటగాళ్లు ఆ కంపెనీ గుమ్మం దగ్గరే నిలబడాలి. ఇందులో న్యాయం ఎంత అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఏడాది తిరిగేసరికి థెస్సలోనికిలో ఆరిస్ కూడా, అంటే డెల్లాస్ ఆట నేర్చుకున్న క్లబ్బు కూడా, ఇదే దారి పట్టింది.

చమురు వ్యాపారి దిమిత్రిస్ మెలిసానిడిస్ పగ్గాలు తీసుకుని, డెల్లాస్‌నే కోచ్‌గా ఉంచాడు. ఇక్కడే అసలు చిక్కు. యూరోపియన్ చాంపియన్ అయిన మనిషి మూడో డివిజన్‌లో గెలవడం ఏం గొప్ప అనిపిస్తుంది. జట్టు జీతాలు, వెనక వచ్చే జనం చూస్తే ఆ ప్రశ్న సబబే. కానీ ఆ మ్యాచ్‌ల తీరు చూడండి. ఏఈకేకి అప్పట్లో సొంత మైదానం ఏథెన్స్ ఒలింపిక్ స్టేడియం. ఎదురుగా చిన్న ఊళ్ల జట్లు. వాళ్లకు ఇది జన్మకొకసారి వచ్చే మ్యాచ్. పదకొండు మందీ తమ గోలు ముందు గోడ కట్టి, కార్నర్ దొరికితే చాలు, తలతో ఒక్కటి వేసి పోదామనే చూస్తారు. అంటే 2004లో గ్రీసు యూరప్ మీద ప్రయోగించిన మందునే వారం వారం డెల్లాస్ మీద ప్రయోగించారు. గోడ కట్టడంలో ఆరితేరినవాడికి గోడ పగలగొట్టే ఉద్యోగం దొరికింది. డ్రా అయితే నామోషీ, ఓడితే వార్త.

2014లో మూడో డివిజన్ గ్రూపు గెలిచారు. ఆ వేసవిలో జాంతి క్లబ్బు నుంచి పెత్రోస్ మాంటాలోస్ అనే మిడ్‌ఫీల్డర్ వచ్చాడు. పైఅంచెలో ఆడుతున్నవాడు రెండో డివిజన్‌కి దిగి రావడానికి ఒప్పుకున్నాడు. 2015 మార్చిలో గ్రీక్ కప్పు క్వార్టర్ ఫైనల్లో ఒలింపియాకోస్ లాంటి పెద్ద క్లబ్బు ఎదురైంది. వాళ్ల మైదానంలో 1-1 చేసుకొచ్చిన ఏఈకే, సొంత గడ్డ మీద ఆఖరి నిమిషాల్లో గోలు తింది. మళ్లీ జనం మైదానంలోకి దూకారు, మళ్లీ ఆట ఆగిపోయింది. అయినా ఆ సీజన్లో రెండో డివిజన్ గ్రూపు గెలిచి, ప్రమోషన్ ప్లేఆఫ్‌లు కూడా గెలిచి 2015లో ఏఈకే పైఅంచెకు తిరిగొచ్చింది. రెండేళ్లలో రెండు మెట్లు.

పైకి వచ్చాక పాత్ర మళ్లీ మారింది. ఇప్పుడు ఏఈకే గోడలు పగలగొట్టే జట్టూ కాదు, గోడ కట్టుకుని బతికే జట్టూ కాదు. పెద్ద జట్లతో సమానంగా ఆడాలని యజమాని, అభిమానులు ఎదురుచూస్తున్నారు. ఆ ఏడాది ఒలింపియాకోస్ లీగ్‌లో మొదటి 17 మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. అక్టోబరులో ఆ జట్టు మైదానంలో ఏఈకే 4-0తో ఓడింది. కొద్ది రోజులకే డెల్లాస్ రాజీనామా చేశాడు.

అతను తొందరపడ్డాడా, లేక పోరాడే సత్తువ అయిపోయిందా అన్నది బయటివాళ్లం తేల్చలేం. నాకు తోచినంతవరకు, అతను చేపట్టిన పని అప్పటికే పూర్తయింది. క్లబ్బుని దాని చోట్లో నిలబెట్టడం ఒక పని, అక్కడి నుంచి టైటిల్ వైపు నడపడం వేరే పని. రెండూ ఒకే మనిషి చేయాలని ఎక్కడా లేదు. అదే సీజన్ చివర 2016లో ఏఈకే ఒలింపియాకోస్‌నే 2-1తో ఓడించి గ్రీక్ కప్పు గెలిచింది. అప్పుడు కోచ్ స్టెలియోస్ మనోలాస్, అతనూ ఏఈకే పాత డిఫెండరే. 2018లో స్పెయిన్‌కి చెందిన మనోలో హిమెనెజ్ కింద లీగ్ టైటిల్ వచ్చింది. 2003లో కూల్చేసిన ఏఈకే పాత మైదానం చోట కొత్త స్టేడియం 2022లో తెరుచుకుంది. 2023లో లీగ్, కప్పు రెండూ గెలిచిన జట్టుకి కెప్టెన్ మాంటాలోస్, డెల్లాస్ దగ్గరికి రెండో డివిజన్‌లో వచ్చిన ఆ కుర్రాడే.

డెల్లాస్ ఆ తర్వాత ఏథెన్స్‌లో అట్రోమితోస్, పడమటి గ్రీసులోని అగ్రినియో ఊరి పానెటోలికోస్ జట్లకు కోచ్‌గా పనిచేశాడు. రెండూ పైఅంచెలో చిన్న జట్లే. ఒలింపియాకోస్ వచ్చిన రోజున తమ గోలు ముందు గోడ కట్టుకోవలసినవే.