తుపాను గాలి – చక్రముల యిల్లు, చుట్టిల్లు



తుపాను మన సీమకు క్రొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమువద్ద తీరము దాటి, విజయనగర శ్రీకాకుళములను గూడ బాధించెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటినపుడు గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు. ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును ఒక్కపూటలో నేలకొఱిగెను. అట్టి గాలికి ఎట్టి యిల్లు నిలుచునో విచారింతము.

ముందు దూరదేశపు యింటి నొకదానిని చూతము. అమెరికాలో చక్రములపై నడచు ఇండ్లు కలవు. వంటయు పడకయు వానిలోనే. కొన్నింటికి యంత్రము అందే యుండును. కొన్నింటిని మోటారు వెనుక తగిలించి లాగుదురు. 1936లో వెలువడిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అను బండియిల్లు రెండవ తెగలోనిది. అల్యూమినియపు రేకులను గుండ్రముగా వంచి, రివెట్లతో బిగించి దానిని నిర్మించిరి. మనము తుపాను అనుదానినే అచ్చటివారు హరికేను అందురు. ఇట్టి పాత బండియిల్లు హరికేనునుండి బయటపడుట యెట్లు?

గాలివేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగు రెట్లగును. గంటకు 150 కిలోమీటర్ల గాలి తన కెదురైన ప్రతి చదరపు మీటరును ఇంచుమించు 100 కిలోల బరువుతో నెట్టును. 6 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల యెత్తు గల బండి ప్రక్కపై ఆ త్రోపు 1500 కిలోలు. బండి తేలిక, క్రిందినుండియు గాలి దూరును. గుండ్రని మూలలు త్రోపును కొంత తగ్గించును గాని పూర్తిగా మాన్పలేవు.

బండి ముక్కును గాలి కెదురుగా త్రిప్పి నిలిపిన చాలదా యని మీ రడుగవచ్చును. చాలదు. తుపాను సుడిగాలి. అది కదలుచున్నకొలది గాలి దిక్కు మాఱును; నడిమి కన్ను మనమీదుగా దాటినచో, కొంత నిశ్శబ్దమైన పిమ్మట గాలి ఎదురుదిక్కునుండి కొట్టును. కనుకనే అచ్చట భూమిలో ఇనుపమేకులు దింపి పట్టీలతో బండిని బిగింతురు. అయినను నమ్మదగిన ఉపాయ మొక్కటే: హెచ్చరిక రాగానే బండిని తోలుకొని పోవుట.

ఇక మన తీరగ్రామముల చుట్టిల్లును చూడుడు. దానికి చక్రములు లేవు. గుండ్రని మట్టిగోడ బరువైనది. తాటాకు కప్పు కుప్పవోసిన ధాన్యరాశివలె వాలియుండును. చూరు వంగి లోనికి పోవలసినంత క్రిందుగా నుండి గాలిని లోపల చొరనీయదు. గాలి యే దిక్కునకు మాఱినను ఆ యింటికి మూల తగులదు, వెడల్పైన ప్రక్క దొరకదు. బల్లపరుపు రేకుల కప్పును గాలి పైకి పీల్చి యెత్తును. నిటారుగా వాలిన కప్పుపై ఆ లాగుడు తక్కువ. తాటాకు కొంత లేచిపోయినను మరల కప్పుకొనవచ్చును. ఎగిరిన రేకు మనుష్యుని నఱకును.

అయితే చుట్టిల్లు గాలికి ఓర్చునుగాని నీటికి ఓర్వదు. ఉప్పెనగాని వఱదగాని వచ్చినచో మట్టిగోడ నాని కూలును. కావున క్రొత్త యిల్లు కట్టువారు చుట్టింటి గుణములను గైకొనవలెను: పొడవు తక్కువగాను, కప్పు నాలుగువైపుల వాలుగాను, కప్పునకును గోడకును ఇనుపకట్టు గట్టిగాను ఉండవలెను. రేకులను కొక్కెపు మరలతో బిగింపవలెను.

తుపాను కబురు వచ్చినపుడు బండియింటివాని పద్ధతి మనకు మేలు. వెలుగుండగానే తుపాను ఆశ్రయమునకు చేరవలెను. గాలి హఠాత్తుగా నిలిచినచో తుపాను పోయెనని వెలుపలికి రారాదు. పుట్టిన యిల్లు విడువనని ముసలివారు కూర్చున్నచో, వారిని విడువలేక కొడుకులు, కోడండ్రు, పసిబిడ్డలు నిలిచిపోవుదురు. కావున ముందు లేవవలసినవారు పెద్దలే.