భూమి కాగితం, చెలకలోని సమాధి: పెన్‌పహాడ్ ప్రాంతంలో కుటుంబ చరిత్రను వెతకడం

"ఆ చెలక మనదే, ముత్తాతను అక్కడే పెట్టినం" అని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటారు. తహసీల్దార్ కార్యాలయంలో చూస్తే ఆ సర్వే నంబరు వేరొకరి పేరున ఉంటుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని వెంటనే తేల్చకండి. భూమి ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎవరు దున్నారన్నది మరో ప్రశ్న. తెలంగాణ పల్లెల్లో ఈ రెండింటికీ చాలాకాలం ఒకే జవాబు లేదు.

ముందుగా ఏ రాజ్యం కాగితాలు చూడాలో తెలియాలి. కోదాడ దాటి తూర్పుకు పోతే వచ్చే జగ్గయ్యపేట ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడివారు బ్రిటిష్‌వారి ఇనాం రిజిస్టర్లు, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు వెతుకుతారు. పెన్‌పహాడ్ నిజాం రాజ్యంలో, నల్గొండ జిల్లాలో ఉండేది. సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది 2016లోనే. కాబట్టి ఇక్కడి మూల పత్రం సేత్వార్. భూమిని కొలిచి, సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు తొలిసారి వరుసగా రాసిన పుస్తకం అది. రాసింది ఉర్దూలో. అందులో "వల్ద్" అంటే ఫలానావారి కొడుకు, "జౌజే" అంటే భార్య, "బేవా" అంటే వితంతువు. ఈ మూడు మాటలు గుర్తుంచుకుంటే వంశవృక్షంలో సగం పని అయినట్లే.

సంవత్సరాలు ఫస్లీలో ఉంటాయి. 590 కలిపితే మన లెక్కకు వస్తుంది. 1317 ఫస్లీ నాటి హైదరాబాద్ భూమి శిస్తు చట్టం 1907-08 నాటిదన్నమాట. ఊరి పేర్ల దగ్గరా జాగ్రత్త అవసరం. నాగులపాడు అన్నా నాగులపహాడ్ అన్నా ఒకే ఊరు. ఒక్క పేరుతో వెతికి దొరకలేదని తిరిగి రాకండి.

సేత్వార్‌లో మీ ముత్తాత పేరు లేకపోవచ్చు. జాగీర్లలో, దేశ్‌ముఖుల కింద సాగుచేసిన వేలమంది పేర్లు పట్టాదారు గడిలోకి ఎక్కలేదు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1946-51 సాయుధ పోరాటంలో ఈ ప్రాంతపు పల్లెల్లో భూములు పంచారు, దొరల కాగితాలు తగలబెట్టారు. పోరాటం ముగిశాక మిగిలిన కాగితాల్లో మీరు ముఖ్యంగా చూడవలసినవి రెండు. మొదటిది, 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు. రెండవది 1954-55 ఖాస్రా పహాణీ. ఇందులో పట్టాదారు గడి పక్కనే అనుభవదారు గడి ఉంటుంది. చాలామంది విద్యార్థులు మొదటి గడి చూసి పుస్తకం మూసేస్తారు. మీ తాత పేరు రెండవ గడిలో ఉండవచ్చు.

ఇక సమాధి దగ్గరకు వద్దాం. మన దగ్గర చాలా కులాలవారు తమ పెద్దలను సొంత చెలకలోనే పూడ్చేవారు. రాతి మీద పేరు చెక్కించే స్తోమత కొద్దిమందికే ఉండేది. మిగిలినవారికి నాటిన రాయి, వేపచెట్టు, గట్టు పక్క మట్టిదిబ్బే గుర్తు. చెలకలు కాలువ కింద మడులుగా మారినప్పుడు ఇలాంటి గుర్తులే ముందుగా చదునైపోయాయి. అందుకే ఊళ్లో అత్యంత వృద్ధులను వెంటబెట్టుకుని పొలానికి వెళ్లండి. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే గుర్తురాని మాట, గట్టు మీద నిలబడితే గుర్తొస్తుంది. "ఎవరిని పెట్టారు?" అనే ప్రశ్నతో ఆపకండి. "పెట్టేటప్పుడు ఎవరైనా అడ్డం చెప్పారా?" అని కూడా అడగండి. నా ఉద్దేశంలో రెండవ ప్రశ్నకే విలువ ఎక్కువ. పట్టాదారు అభ్యంతరం లేకుండా ఒక కుటుంబం రెండు మూడు తరాలవారిని ఒకేచోట పూడ్చిందంటే, ఆ నేల మీద వారి అనుభవం ఎంత పాతదో అది చెబుతుంది.

కాగితంలో కనిపించని ఆడవాళ్లు సమాధుల వరుసలో కనిపిస్తారు. పహాణీలో తాత ఒక్కడే ఉంటాడు. చెలకలో ఆయన పక్కన ఇద్దరు భార్యలు, పురిట్లో పోయిన కూతురు ఉంటారు. ముస్లిం కుటుంబాలకు ఖబరస్తాన్, క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టరు ఇదే పని చేస్తాయి. నల్గొండ, సూర్యాపేటల్లో 19వ శతాబ్దం చివరి నుంచే బాప్టిస్ట్ మిషన్ పనిచేసింది. రెడ్డి, కాపు కుటుంబాలవారు తమ గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చకుంట్లవారిని, అంటే ఇప్పటి వంశరాజ్‌లను, కూడా కలవాలి. వారు చెప్పే పేర్ల వరుసను పహాణీతో సరిచూసుకోండి. తరాలు ఒకటి అటూ ఇటూ కావడం మామూలే.

ఒక హెచ్చరిక. సమాధి ఉన్నంత మాత్రాన భూమి మీద హక్కు రాదు. అది సాక్ష్యానికి తోడు మాత్రమే. అలాగే, చెలక ఇప్పుడు సాగుచేస్తున్నవారి అనుమతి లేకుండా అందులో అడుగుపెట్టకండి. మీరు చరిత్ర కోసం వచ్చారని చెప్పినా, వారికి అది తగాదాలాగే వినిపిస్తుంది.

క్షేత్రకార్యం: మీ కుటుంబానికి సంబంధించిన ఒక సర్వే నంబరు తీసుకోండి. ఖాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టండి. నకలు వచ్చేలోపు గ్రామ నక్షా మీద ఆ నంబరులోని సమాధులను, చెట్లను, బావిని గుర్తించి, ప్రతి సమాధికి ఎవరు ఏం చెప్పారో తేదీతో రాయండి. చెప్పినవారి వయసు రాయడం మరవవద్దు.